గోడకు అవతల పూసిన తీగ

తీగ మకారియోది. పూలు దొన్యా ఎలోదియావి. మధ్యనున్న గోడ ఇద్దరిదీ. సెర్రాల్బా ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి ఎవరూ చేసిందేమీ లేదు.

తప్పంతా ఎండది. మకారియో ఇల్లు పై వీధిలో, దొన్యా ఎలోదియా ఇల్లు కింది వీధిలో, అలిగి వీపులు ఆనించుకు కూర్చున్న ఇద్దరు మనుషుల్లా ఉంటాయి. ఇంటికొక లోగిలి, రెండు లోగిళ్ళకీ నడుమ మూడు నిలువుల గోడ. ఆ ఊరికి ఎండ దక్షిణం వైపు నుంచి వస్తుంది. గోడ మకారియోకి దక్షిణాన ఉంది. కాబట్టి ఎండ తగిలే మొహం ఆవిడ వైపు, నీడపట్టు వీపు ఇతని వైపు. ఆవిడ లోగిట్లో జెరేనియంలు, కార్నేషన్లు, మల్లెతీగ, గోడ నిండా మేకులకు వేలాడే నీలం కుండీలు. ఇతని లోగిట్లో బావి, నాచు, చావకుండా బతక్కుండా ఉన్న రెండు ఫెర్న్ మొక్కలు.

ఇరవై రెండేళ్ళ కిందట మకారియో ఒక కాగితప్పూల కొమ్మని ఆలివ్ నూనె డబ్బాలో తెచ్చి గోడ మొదట్లో పాతాడు. తన లోగిలి కూడా ఒకనాటికి నలుగురు వచ్చి చూసేలా ఉంటుందని అతని ఆశ. తీగ అతనికన్నా తెలివైనది. ఆ నీడలో ఒక్క పువ్వు కూడా వృథా చెయ్యకుండా మూడేళ్ళపాటు నిటారుగా పైకి పాకి, గోడ అంచు దాటి, అవతలికి ఒళ్ళు విరుచుకుని పడింది. ఇవతల మిగిలింది మకారియో తొడంత లావు కాండం, బూడిద రంగు, ముళ్ళు. అవతల గోడంతా ఎర్రగా మండిపోయేది.

ఏటా మే నెలలో సెర్రాల్బాలో లోగిళ్ళ పోటీ. పదిహేను రోజులపాటు తలుపులు బార్లా తెరిచి పెడతారు. జనం వరసలో నిలబడి చూసి, మెచ్చుకుని, మెట్ల మీద ఆలివ్ గింజలు ఉమ్మి పోతారు. గెలిచిన ఇంటి గుమ్మం పక్కన పింగాణీ పలక పొదుగుతారు. దొన్యా ఎలోదియా గుమ్మం పక్కన అలాంటివి నాలుగున్నాయి. నాలుగింటి మీదా ఒకటే రాత: కాగితప్పూల లోగిలి, దొన్యా ఎలోదియా, మొదటి బహుమతి.

మకారియో వయసు యాభై ఏడు. వృత్తి గోడలకు వెల్ల వెయ్యడం. పదకొండో ఏట బడి మానేసి తండ్రి నిచ్చెన ఎక్కాడు. తండ్రి అప్పటికే దాని మీంచి కిందపడి ఉన్నాడు కనక నిచ్చెన ఖాళీగా ఉంది. భార్య ఇసిదోరా పదేళ్ళ కిందట సముద్రం ఒడ్డున ఉండే అక్కని చూసొస్తానని వారం రోజులకని వెళ్ళింది. అతనికి ఇప్పుడు ఈ ప్రపంచంలో కావలసింది ఒక్కటే. ఆ తీగ మకారియోది అని దొన్యా ఎలోదియా నోటితో, నలుగురి ముందర ఒక్కసారి వినాలి. పలక అక్కర్లేదు. మాట చాలు.

ఆ మాట ఆవిడ అనదు. గోడ మీదుగా వాళ్ళిద్దరికీ మాటలు నడుస్తాయి, మొహాలు కనబడవు. ఆ దేశంలో పెద్దింటి ఆడవాళ్ళని దొన్యా అంటారు, అతనూ అలాగే పిలుస్తాడు. ఆవిడ పొడుగాటి వెదురు కర్ర చివర రేకు డబ్బా కట్టి పై వరస కుండీలకు నీళ్ళు పోస్తుంది. డబ్బా ఒక్కోసారి గోడ దాటుతుంది.

"దొన్యా, నా నెత్తిన పోశారు!"

"నువ్వున్నావని నాకేం తెలుసయ్యా? ఉన్నప్పుడు ఉన్నానని చెప్పాలి."

"నా ఇంట్లో నేను ఉన్నానని మీకు చెప్పాలా?"

"చెప్తే తడవవు కదా."

తీగ మాటెత్తితే ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒకటే సమాధానం. "నీళ్ళు నువ్వు పోస్తావు, కాదనను. రాలిన పూలు ఊడ్చేదెవరు? రోజుకి మూడు బుట్టలు! నీళ్ళు పోసినవాడిదా చెట్టు, నడుం విరిగేలా ఊడ్చేదానిదా? పోయి ఫాదరీని అడుగు."

ఫాదరీని అడిగాడు కూడా. దేవుడిది అన్నాడాయన. ఆ మధ్యాహ్నమే దొన్యా ఎలోదియా ఆయనకి బాదంపప్పు మిఠాయి డబ్బా పంపిందని తర్వాత తెలిసింది.

ఒక సంవత్సరం పోటీ రోజుల్లో మకారియో కూడా మంచి చొక్కా వేసుకుని, వీధి చుట్టూ తిరిగి, గంటన్నర వరసలో నిలబడి ఆ లోగిట్లోకి వెళ్ళాడు. పువ్వు మీద చెయ్యి వేశాడు. కాపలాకి పెట్టిన పిల్ల వచ్చి, "తాతా, ముట్టుకోకూడదు" అంది. పోటీ రోజుల్లో మళ్ళీ వెళ్ళలేదు.

ఇక్కడ సున్నం గురించి ఒక మాట చెప్పాలి. మే ఒకటో తేదీకల్లా ఊళ్ళో ప్రతి గోడా తెల్లగా ఉండాలి. నిరుటి సున్నం మీద ఈ ఏటి సున్నం, దాని మీద వచ్చే ఏటిది. పాతది గీకడమనేది సెర్రాల్బాలో ఎవరూ ఎరగరు. గీకేదేమిటి, అంత మురికి కొంపా వాళ్ళది అనుకుంటారు. అందుకని ఊరు ఏటికేడు లావెక్కుతూ వచ్చింది. ఇంటి మూలలు వాడిన సబ్బు బిళ్ళల్లా గుండ్రబడ్డాయి. కిటికీలు ఇరుకయ్యాయి. చర్చి ద్వారం మీద ఎవరో పూర్వం చెక్కిన సింహం ఇప్పుడు ఉడికిన బంగాళాదుంపలా ఉంది, పిల్లలు దాన్ని గొర్రె అంటారు. ఏ గోడకి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తెలిస్తే మకారియోకి కొంచెం తెలుసు, గోడల మీద నలభై ఏళ్ళ పైనుంచి కుంచె ఆడిస్తున్నాడు కనక.

ఆ ఏడు ఏప్రిల్ పదిహేడో తేదీన దొన్యా ఎలోదియా గోడ పగిలింది.

తీగ అంచు దాటే చోట మొదలై, నల్లటి గీత ఒకటి వంకరటింకరగా మనిషెత్తు దాకా దిగింది. ఆవిడ డెబ్బై ఏళ్ళ మనిషి, ఫార్మసీ నడిపిన మొగుడు పోయినప్పుడు కూడా కేక పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. సాయంత్రానికల్లా మునిసిపల్ ఆఫీసు నుంచి నోయెలియా వచ్చింది. ఊళ్ళో పాత గోడల బాధ్యత ఆ అమ్మాయిది, అంటే ఊరంతా ఆమె నెత్తి మీదే ఉంది. పెద్ద నగరంలో చదివింది. తల మీద హెల్మెట్, చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. నిచ్చెన ఎక్కడానికి ఇంకో కాగితం కావాలట, అది తేలేదు. కింద నుంచే చూసింది.

మకారియో తన లోగిట్లో బావి గట్టు మీద కూర్చుని, రొట్టె మీద టొమాటో రుద్దుకుంటూ అంతా విన్నాడు.

"తీగ గోడని చీల్చేస్తోంది" అంది నోయెలియా. "పోటీకి జనం వస్తారు. ఎవరి నెత్తినన్నా పడితే? తొలగించాలి. పది రోజుల్లో, మొదలంటా."

"మొదలంటానా?"

"మొదలంటా. తొలగించి గోడ బాగు చేయించే బాధ్యత తీగ యజమానిది. ఎవరిదండీ ఈ తీగ?"

మకారియో రొట్టె నోటి దాకా తెచ్చి ఆపాడు.

"మా వెనకింటాయనది" అంది దొన్యా ఎలోదియా. "మకారియోది. వేరు అతనిది, కాండం అతనిది, కొమ్మలతనివి, అన్నీ అతనివే. నాకేం సంబంధం?"

"పూలు?"

"అవీ అతనివే."

ఇరవై రెండేళ్ళు. మకారియో రొట్టె బావి గట్టు మీద పెట్టి, చేతులు తుడుచుకుని, వీధి చుట్టూ తిరిగి వచ్చి తలుపు తట్టాడు. నోయెలియా రాసిన కాగితం మీద వేరు, కాండం, కొమ్మలు, పూలు అని విడివిడిగా ఉంది. కింద దొన్యా ఎలోదియా సంతకం, ఫార్మసీ చీటీల మీద పెట్టినంత చక్కటి సంతకం. దాని కింద అతను గీశాడు.

"నాకో నకలు కావాలమ్మాయ్" అన్నాడు.

"దేనికండీ?"

"ఉంచుకుంటాను."

*

తాదెయో బారులో ఆ కాగితం ముగ్గురు చదివారు, నలుగురు వేలితో తడిమి చూశారు. తాదెయో మకారియోతో కలిసి బడి మానేసినవాడు. అతనికి అలా మానేసిన ఒక్క విషయంలోనే మకారియో మీద గౌరవం.

"ఒప్పుకుందిరా మకా! ఇన్నేళ్ళకి బిడ్డ నీదేనని ఒప్పుకుంది" అన్నాడు గ్లాసు తుడుస్తూ.

"ఒప్పుకుంది."

"ఎప్పుడు ఒప్పుకుంది? ఉరి తీసే రోజున."

"నోర్ముయ్. కాఫీ పొయ్యి."

"పోస్తాను గాని, పది రోజుల తండ్రివి కదా, మిఠాయిలు పంచవా?"

మకారియో నవ్వలేదు. అతన్ని తొలుస్తున్నది వేరే ఉంది. ఇందాక సంతకం పెట్టి వచ్చేటప్పుడు, అలవాటు కొద్దీ, ఆ పగులు పక్కన వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చూశాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. పగిలింది గోడ కాదు. సున్నం. వందేళ్ళదో రెండు వందలదో, నాలుగు వేళ్ళ మందాన పేరుకుపోయిన సున్నం రాయిని వదిలేసి పొరగా లేచింది, అంతే. లోపల గోడ గుండ్రాయిలా ఉంది. తీగ ఏ పాపం ఎరగదు.

ఇది చెప్పడానికి ఒక నిమిషం పట్టదు. మర్నాడు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాడు కూడా, చెప్పడానికే.

"అమ్మాయ్, మాట వరసకి అడుగుతున్నాను. ఆ గోడకేం కాలేదని తేలిందనుకో. అప్పుడీ కాగితం సంగతేమిటి?"

నోయెలియా తలెత్తింది. "రద్దవుతుంది. ఉత్తర్వే లేనప్పుడు కాగితమెందుకు?"

"వేరు, కాండం, పూలు, అవన్నీ?"

"అవన్నీ రద్దే. ఎందుకండీ, ఏమన్నా తెలుసా మీకు?"

"నాకేం తెలుసు? నేను అయిదో తరగతి" అని లేచి వచ్చేశాడు.

లెక్క తేలికే. చెప్తే తీగ బతుకుతుంది, మళ్ళీ ఆవిడదవుతుంది. చెప్పకపోతే తీగ అతనిదవుతుంది, చస్తుంది. తెలివైనవాడైతే ఆ రాత్రే తేల్చేసేవాడు. మకారియో ఆరు రోజులు తీసుకున్నాడు. ఆ ఆరు రోజులూ ఊరి గోడలకు వెల్ల వేస్తూ, సున్నం బకెట్లో ఏదో పడిపోయినట్టు లోపలికి చూస్తూ గడిపాడు. వాళ్ళకి వెయ్యాల్సిన కిటికీ చట్రం వీళ్ళకి, వీళ్ళకి వెయ్యాల్సిన గుమ్మం వాళ్ళకి వేశాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. అన్నీ తెల్లవే.

ఏడో రోజున దొన్యా ఎలోదియా వచ్చి అతని తలుపు తట్టింది. ఆవిడ ఆ గడప తొక్కడం ఇన్నేళ్ళలో మొదటిసారి. లోగిలి చూసి, ఫెర్న్ మొక్కలు చూసి, తల పంకించింది.

"ఇందులో ఎలా ఉంటావయ్యా?"

"అలవాటు. కూర్చోండి. ఆ గట్టు మీద నాచుంది, జాగ్రత్త."

కూర్చోలేదు. "ఆ పిల్లని బతిమాలాను. పోటీ అయ్యేదాకా ఆగమన్నాను. ఆగదట. మకారియో, నువ్వు గోడలవాడివి, ఏదో ఒకటి చెయ్యలేవూ? పగులు మీద కొంచెం సున్నం మెత్తి..."

"చెయ్యొచ్చేమో."

"మరి చెయ్యి!"

"చేస్తే మీరేం చేస్తారు?"

"ఏం చెయ్యాలి?"

ఈ మాట ఇరవై రెండేళ్ళుగా మకారియో నోట్లో నానుతోంది. "జడ్జీలు వచ్చినప్పుడు, జనం అందరూ ఉండగా, ఈ తీగ మకారియోది అనండి. ఒక్కసారి."

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది, గోడ కొలిచినట్టు. "అదేనా?"

"అదే."

"అంటే ఇన్నేళ్ళూ నేను ఇంకోళ్ళ పూలు చూపించి బహుమతులు తీసుకున్నానని నా నోటితో నేనే చెప్పుకోవాలా? నాలుగు పలకలూ పీకి నీకు పంపించమంటావా, మోసుకెళ్తావా?"

"పలకలు అడగలేదే."

"అడక్కపోతే మర్యాదా? చూడు నాయనా. చస్తే చచ్చింది తీగ. నాకు జెరేనియంలున్నాయి. రోజుకి మూడు బుట్టలు ఊడ్చే బాధ తప్పుతుంది. పోటీలో నీ పేరు చెప్పడం మాత్రం ఈ ఒంట్లో ప్రాణముండగా జరగదు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "కోసేటప్పుడు నా కుండీలు జాగ్రత్త."

"రేపు పొద్దుట వస్తాను."

"తొమ్మిదింటికి రా. ఎనిమిదింటికి పూజకి వెళ్తాను చర్చికి."

*

తొమ్మిదింటికి వెళ్ళాడు. రంపం భుజాన, సుత్తీ తాపీ నడుముకి. నిచ్చెన తండ్రిదే. దొన్యా ఎలోదియా నల్ల గౌనులో, ఒక పెద్ద బుట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"బుట్టెందుకు?"

"కోసిన పూలు పారెయ్యడమెందుకు? మా ఆయన సమాధి మీద పెడతాను."

మకారియో నిచ్చెన ఎక్కాడు. ఏటా ఏప్రిల్ మొదట్లో వెల్ల వెయ్యడానికి ఇదే గోడ ఎక్కేవాడు గాని అప్పటికి మొగ్గలే ఉండేవి. విరగబూసినప్పుడు ఇంత దగ్గరగా చూడటం ఆ కాపలా పిల్ల తరిమిన తర్వాత ఇదే. పూలు అతని చెవుల్లోకి, కాలర్లోకి వచ్చాయి. తేనెటీగలు అతన్ని పట్టించుకోలేదు. గోడ అంచు మీంచి ఇవతలికి చూస్తే తన లోగిలి నూతి అడుగులా కనబడింది. అందులో బకెట్టూ, నిన్నటి చెప్పులూ. తీగని తిట్టుకోవడానికి కారణం ఒక్కటీ దొరకలేదు. తను తీగ అయినా ఇదే పని చేసి ఉండేవాడు.

ముందు పై భాగం కోసి దించాలి, మొదలు తర్వాత. రంపం అంచు దాటే కాండం మీద పెట్టాడు. రెండుసార్లు లాగాడు. బెరడు తెగి తెల్లగా పాలలాంటి లోపలి కర్ర కనబడింది.

"ఆగావేం?" అంది కింద నుంచి.

"పళ్ళు సరిగా లేవు."

"ఎవరివి?"

మకారియో రంపం తీసి మేకుకి తగిలించాడు. చొక్కా జేబులో కాగితం ఉంది, ముట్టుకుని చూసుకున్నాడు. ఆ తర్వాత నడుం నుంచి తాపీ తీసి, పగుల్లోకి దోపి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.

మంచం అంత సున్నం పెచ్చు ఒక్కసారిగా ఊడి కిందికి పోయింది. ఏడు నీలం కుండీల్ని తనతో తీసుకుపోయింది. లోగిలంతా తెల్లటి దుమ్ము. దుమ్ములోంచి దొన్యా ఎలోదియా తెల్లగా బయటపడింది, జుట్టూ కనుబొమ్మలూ గౌనూ, ఊరి పద్ధతి ప్రకారం మే ఒకటికి తయారైనట్టు.

"ఏం చేశావురా పీనుగా!"

"గోడకేం కాలేదు దొన్యా. పగిలింది సున్నం. మీ తీగ..." అని, ఆగి, మింగి, మళ్ళీ అన్నాడు, "మీ తీగని కొయ్యక్కర్లేదు."

ఆవిడ వినలేదు. ఆవిడ గోడ వంక చూస్తోంది. ఊడిన చోట రాయి ఉంది, బాగానే ఉంది. రాతి మధ్యలో సన్నటి ఎర్ర ఇటుకలు విసనకర్రలా పేర్చి ఉన్నాయి, గుర్రపు నాడా వంపులో. కమాను. దాని కడుపులో ఎవరో ఎప్పుడో రాళ్ళూ మట్టీ కుక్కి మూసేశారు. ఒకప్పుడు రెండిళ్ళూ ఒకటే ఇల్లు, రెండు లోగిళ్ళకీ మధ్య దారి. ఎవరు ఎవరితో పోట్లాడి మూశారో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. కారణం పెద్దదేమీ అయి ఉండదు.

*

నోయెలియా పరిగెత్తుకుని వచ్చింది. ఈసారి నిచ్చెన కాగితం తెచ్చింది. అరగంట పైనే ఉంది. దిగేసరికి కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎవరు కొట్టమన్నారండీ దీన్ని?"

"నేనే కొట్టాను" అన్నాడు మకారియో. "గోడ గట్టిదే. ఆ కాగితం రద్దు చేసుకో అమ్మాయ్. ఇదిగో నకలు."

"రద్దా? ఎలా అవుతుంది? ఈ కమాను ఎన్ని వందల ఏళ్ళదో తెలుసా మీకు? దీని మీద ఇక సున్నం వెయ్యకూడదు. మేకు కొట్టకూడదు. ఆకు నీడ కూడా పడకూడదు. తీగ మొత్తం వెనక్కి లాగి యజమాని వైపు దించాలి. యజమాని మీరే కదా, కాగితం ఉందిగా."

"ఉంది" అన్నాడు మకారియో.

"దాచుకోండి."

రెండు రోజులు పట్టింది. తాళ్ళు కట్టి, కొమ్మ కొమ్మా గోడ మీదుగా ఇవతలికి లాగారు. తాదెయో కూడా వచ్చి సాయం పట్టాడు, ముళ్ళు గుచ్చుకున్నప్పుడల్లా ఇదీ మీ ఇసిదోరా లాంటిదే అంటూ. రెండో రోజు సాయంత్రానికి కాగితప్పూల తీగ వేరుతో, కాండంతో, కొమ్మలతో, పూలతో సహా మకారియో లోగిట్లో ఉంది. పోటీ మొదలయ్యే నాటికి పూలన్నీ రాలిపోయాయి. ఆ నీడలో మళ్ళీ ఒక్కటి పూయలేదు.

ఆ ఏడు దొన్యా ఎలోదియాకి అయిదో పలక వచ్చింది. కమాను లోగిలి, మొదటి బహుమతి.

"ఎలా ఉందిరా ఆస్తి?" అన్నాడు తాదెయో.

"నాది" అన్నాడు మకారియో.

చలికాలంలో నగరం నుంచి నలుగురు వచ్చి కమాను కడుపులోని రాళ్ళు ఒక్కొక్కటే తీసి, నంబర్లు వేసి, పట్టుకుపోయారు. అడ్డంగా తలుపు పెడదామంటే కమానుకి ఏదీ తగలకూడదట. చివరికి రెండు ఇనప స్టాండ్ల మధ్య ఒక తాడు కట్టి పోయారు. ఇప్పుడు రెండిళ్ళ మధ్య ఉన్నది ఆ తాడు. మకారియో బనీనుతో పళ్ళు తోముకుంటుంటే దొన్యా ఎలోదియాకి కనబడతాడు. ఆవిడ జుట్టు విరబోసుకుని కాఫీ తాగుతుంటే ఇతనికి కనబడుతుంది. మొదటి నెలంతా ఇద్దరూ ఎటో చూస్తూ గడిపారు.

మార్చిలో కమానులోంచి చాపంత ఎండ మకారియో లోగిట్లోకి వచ్చి రెండు గంటలు కూర్చుని పోవడం మొదలైంది. తీగ అది కనిపెట్టింది. పైకి చూడ్డం మానేసి, నేలబారున ఒక రెమ్మ పెట్టి, ఎండలోకి పాకి, కమాను కిందుగా, తాడు కిందుగా, ఆకు కూడా ఇటుకలకి తగలనివ్వకుండా అవతలికి వెళ్ళింది. ఏప్రిల్ చివరికి దొన్యా ఎలోదియా గచ్చు మీద మోకాలెత్తున విరగబూసింది. మకారియో కత్తెర పట్టుకుని రెండు రోజులు దాని పక్కన తిరిగి, మూడో రోజు బకెట్టుతో నీళ్ళు పోశాడు.

పోటీ రోజున ముగ్గురు జడ్జీలు వచ్చారు. వెనక జనం. అందరికీ కమానులోంచి మకారియో కనబడుతున్నాడు, చేతిలో బకెట్టు. లోపలికి పోదామనుకుని, తీగ మొదలు దగ్గరే ఆగాడు.

పెద్ద జడ్జీ వంగి పూలు చూశాడు. "బాగుంది దొన్యా. ఈ తీగ మీదేనా?"

దొన్యా ఎలోదియా నోరు తెరిచింది. తీగ మొదలు ఎక్కడుందో అడ్డం లేకుండా కనబడుతోంది. దాని పక్కనే మకారియో, బావి గట్టు మీద రాయి కింద పెట్టి ఉంచిన కాగితం. గోడ ఉన్నన్నాళ్ళూ చెప్పడం తేలికగా ఉండేది.

"గచ్చు నాది" అంది. "కమాను నాది, సగం." జనం వైపు చూసింది. "తీగ అదిగో ఆ మకారియోది."

మకారియో బకెట్టు కింద పెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జడ్జీ కళ్ళద్దాలు సర్దుకుని రాసుకున్నాడు. వేరే ఇంటి మొక్క అయితే నిబంధన ప్రకారం ఆరు మార్కులు తగ్గుతాయి. ఆ ఏడు ఆవిడకి రెండో బహుమతి వచ్చింది. రెండో బహుమతికి పలక ఇవ్వరు.

మర్నాడు పొద్దున్నే, మకారియో ఇంకా కాఫీ పెట్టుకోకముందే, కమానులోంచి వెదురు కర్ర ఒకటి వచ్చి అతని తలుపు మీద టకటక కొట్టింది.

"ఏమయ్యా యజమానీ!"

"ఏమిటి దొన్యా?"

"నీ తీగ నా గచ్చంతా చెత్త పోసింది. చీపురు తెచ్చుకో. రాలిన పూలెవరివో కూడా కాగితంలో రాసుంది, కావలిస్తే చూసుకో."

మకారియో చూసుకున్నాడు. రాసుంది. చీపురు తీసుకుని, తాడు కింద నుంచి వంగి అవతలికి వెళ్ళాడు. గచ్చు మీద పూలు పాదం మునిగేంత ఉన్నాయి. ఆవిడ పేము కుర్చీ ఎండలోకి లాక్కుని కూర్చుని, కాఫీ తాగుతూ చూసింది.

మూడు బుట్టలయ్యాయి. నడుం పట్టుకుని నిటారుగా లేస్తుంటే ఆవిడ కర్ర చివరి రేకు డబ్బాతో ఒక మూల చూపించింది.

"అక్కడొకటి మిగిలింది."

"కనబడింది లెండి" అన్నాడు మకారియో, దాని దగ్గరికి వెళ్తూ. "నాదే."